చుక్కలు పెట్టని ఇంగ్లీషు

చేతిరాత బాగుంటే బతుకు కూడా బాగుంటుందని ఎవరు పుట్టించారో గానీ, ఆ మాట నమ్మి నిలువునా మునిగినవాళ్ళలో తాండూరు చంద్రప్ప ఒకడు. నమ్మకేం చేస్తాడు? అప్పటిదాకా అతనికి దక్కినదంతా ఆ రాత పెట్టిన భిక్షే.

అతని తండ్రి జంగప్ప నాపరాతి గనిలో బండలు తీసే కూలీ. పొద్దస్తమానం రాయితోనే బతికిన మనిషి. కొడుకు చేతికి మాత్రం సుత్తె ఇచ్చేది లేదని మొండికేసి బడిలో వేశాడు. నిజాం కాలం కాబట్టి చదువంతా ఉర్దూలోనే. బడిలో మౌల్వీ సాబు కట్టె కలం చెక్కి ఇచ్చి, పిల్లవాడి వేళ్ళు పట్టుకుని దిద్దించాడు. ఉర్దూ అక్షరాల పైనా కిందా పడే చుక్కలను నుక్తాలంటారు. మాట మధ్యలో ఆగి చుక్క పెడితే రాత నడక చెడిపోతుందని, ముందు కలాన్ని సాగనిచ్చి నుక్తాలు తర్వాత పెట్టుకోవాలని ఆయన నేర్పాడు. చంద్రప్ప ఆ పాఠాన్ని ఇంకాస్త ముందుకు లాగాడు. కాగితం నిండేదాకా ఒక్క చుక్కా పెట్టేవాడు కాదు. నిండాక కలం సిరాలో ముంచి, పైనుంచి కిందికి ఒక్క ఊపులో చుక్కలన్నీ పెట్టుకుంటూ వచ్చేవాడు. పెళ్ళికూతురిని ముస్తాబు చేసి ఆఖరున బొట్టు పెట్టినట్టుండేది ఆ పని.

ఆ రాత చూసే అప్పటి తహసీల్దారు అతన్ని కచేరీలో అహల్కారుగా, అంటే గుమాస్తాగా తీసుకున్నాడు. బండలు తీసేవాడి కొడుక్కి కుర్చీ దొరికింది. జంగప్ప ఆనందం అంతా ఇంతా కాదు. బజారులో కందులు కొలిచేవాళ్ళని, టేషను దగ్గర బండ్లు తోలేవాళ్ళని, తెలిసినవాళ్ళని, తెలియనివాళ్ళని ఆపి మరీ చెప్పేవాడు.

"మావోనికి కచేరిల కుర్సీ ఉన్నది. దొర పక్కపొంటే కూసుంటడు."

కచేరీలో మరో సుఖం కూడా ఉండేది. తొందరలో చుక్కలు పెట్టకుండా కాగితం పంపినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. అక్కడ పండిపోయిన కళ్ళు చుక్కలు లేని ఉర్దూని కూడా గడగడా చదివేసేవి. చుక్కలు అందానికే తప్ప అవసరానికి కాదనే భ్రమ చంద్రప్పకు అక్కడే పట్టుకుంది.

నలభై ఎనిమిదిలో నిజాం పాలన పోయింది. కాగితాలు మెల్లగా ఇంగ్లీషులోకి తిరగడం మొదలుపెట్టాయి. పాత ఉర్దూ కాగితాలు చూసేందుకు మనిషి కావాలి కాబట్టి చంద్రప్ప కుర్చీకి ఇంకా కొన్నేళ్ళు ఆయువు మిగిలింది. తాలూకా గుల్బర్గా జిల్లా నుంచి హైదరాబాదు జిల్లాలోకి వచ్చాక మాత్రం రోజులు మారాయి. గుమాస్తాలందరూ ఇంగ్లీషులో రాసే పరీక్ష గట్టెక్కాలని తాకీదు వచ్చింది. రెండు అవకాశాలు. రెండూ పోతే జవానుగా దిగాలి, లేదా ఇంటికి పోవాలి.

మొదటిసారి చంద్రప్ప వికారాబాదు వెళ్ళి, బడిలో పెట్టిన ఆ పరీక్ష రాసి తప్పాడు. అందులో వింతేమీ లేదు. అప్పటికి అతనికి ఇంగ్లీషులో అక్షరాలూ, నాలుగు ముక్కలూ తప్ప ఏమీ రావు. అతన్ని బాధపెట్టింది వేరే. పక్క బల్ల గుమాస్తా నర్సింహులు అదే పరీక్ష గట్టెక్కాడు. కుర్రవాడు చురుకైనవాడే, కాదనను. కానీ వాడి రాత కోడి గెలికినట్టు ఉంటుంది. తన కాగితం పక్కన వాడి కాగితం పెడితే గుడ్డివాడు కూడా తేడా చెబుతాడని చంద్రప్ప ఉడికిపోయాడు.

"నర్సింహులూ, నిజం చెప్పు. ఇంగ్లీషు పరీక్షల చేతిరాతకు మార్కులుంటయా?"

"ఏడియే? మనం ఏం రాసినమో సూస్తరు గని, ఎట్ల రాసినమో ఎవలు సూస్తరే అన్నా!"

చంద్రప్పకు ఆ మాట రుచించలేదు. టేషను మాస్టర్ని అడిగాడు. పోస్టు మాస్టర్ని అడిగాడు. కొడంగల్ బస్సులో పక్కన కూర్చున్న ప్లీడరు గుమాస్తాను కూడా వదల్లేదు. ఒకడు ఉంటాయన్నాడు, ఒకడు ఉండవన్నాడు. ఉంటాయన్నవాడినే నమ్మాడు. మనం అందరం చేసే పనే కదా అది!

రెండో అవకాశానికి ఏడాది గడువుంది. ఈసారి గురువు కావాలనుకున్నాడు. వికారాబాదులో మత్తయ్య సారని ఒకాయన ఉండేవాడు. పాదరీల బడిలో ఇంగ్లీషు చెప్పి దిగిపోయిన మనిషి. అనంతగిరి దారిలో చిన్న పెంకుటిల్లు. చంద్రప్ప ఆదివారం పొద్దున తాండూరులో రైలెక్కి, ధారూరు మీదుగా వికారాబాదు చేరేసరికి సారు చర్చి నుంచి ఇంటికి వచ్చి ఉండేవాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చునేవారు. సారు చెప్పేవాడు, చంద్రప్ప వినేవాడు, తిరిగి ఒప్పజెప్పేవాడు. ఇంటిదగ్గర రాసుకు రమ్మని పనిచ్చేవాడు. చంద్రప్ప వారమంతా కూర్చుని రాసి, మడత పడకుండా బట్టలో చుట్టి తెచ్చేవాడు.

సారు ఆ కాగితాలను మొదట్లో వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాడు.

"గీ వయసుల ఇంగ్లీషు మొదలువెట్టి గింత మంచిగ రాస్తవేందయ్యా! మా బళ్ళె దొరసానులు గూడ గిట్ల రాయలె."

చంద్రప్ప ఇదే సమయమని అడిగేశాడు. "అయితే సారూ, రాతకు మార్కులుంటయి గద?"

"ఉండయి. మార్కులు రాతకు గాదు, రాసిందానికి. ఆ ఫికర్ ఇడిసిపెట్టి గ్రామర్ మీద పడు."

చంద్రప్ప గ్రామర్ మీద పడ్డాడు. పడటమంటే అలా ఇలా కాదు. భార్య చంద్రవ్వ జొన్నరొట్టె ముందు పెడితే రొట్టె చల్లారిపోయేది గానీ క్రియాపదాలు ఆగేవి కావు. ఆమె కొన్నాళ్ళు నవ్వింది, కొన్నాళ్ళు కసిరింది, చివరికి తానే పక్కన కూర్చుని విసనకర్రతో విసరడం మొదలుపెట్టింది. కళ్ళకు పొరలు కమ్మి అప్పటికి గనికి పోవడం మానేసిన జంగప్ప, మంచం మీద నుంచి ఆ తెలియని భాషను చెవులారా వినేవాడు. ఏడాది తిరిగేసరికి చంద్రప్ప తప్పుల్లేకుండా ఒక అర్జీ రాయగలిగాడు. ఇది నేను గొప్పకు చెప్పడం లేదు. మత్తయ్య సారు తప్పులు వెతికి వెతికి, దొరక్క, ఎర్ర పెన్సిలు కింద పెట్టేశాడు.

కానీ ఒక్క సంగతి సారు కంట పడలేదు. చంద్రప్ప రాసి తెచ్చిన కాగితాలు చూశాడు గానీ, చంద్రప్ప రాస్తుండగా ఒక్కసారీ చూడలేదు.

పరీక్ష రోజు వచ్చింది. ఒక ఊరిలో తాగునీటి బావి కూలిపోయింది, బాగు చేయించమని కలెక్టరుకు అర్జీ రాయాలి. ప్రశ్న చదవగానే చంద్రప్పకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సారుతో కూర్చుని నేర్చుకున్నవన్నీ ఇలాంటి అర్జీలే. పాళీ సిరాలో ముంచి మొదలుపెట్టాడు. మార్కులు లేవని సారు ఎంత చెప్పినా, దిద్దేవాడూ మనిషే కదా, మంచి రాత చూస్తే మనసు కరగదా అనే ఆశ లోపల కదులుతూనే ఉంది. అందుకని తొందరపడలేదు. లావు దగ్గర లావు, సన్నం దగ్గర సన్నం, ప్రతి అక్షరం నిదానంగా దించాడు. అలవాటు ప్రకారం కలం ఎక్కడా ఆపలేదు. ఐ మీద చుక్క, టీకి అడ్డగీత, వాక్యం చివర చుక్క, అన్నీ ఆఖరుకు ఉంచాడు.

ఆఖరు వాక్యం పూర్తి చేసి తల ఎత్తేసరికి గంట కొట్టారు.

కాగితాలు తీసుకునే అధికారి కోస్తా వైపు మనిషి. వరసగా లాక్కుంటూ వచ్చాడు. చంద్రప్ప కాగితం మీద రెండు చేతులూ పెట్టాడు.

"సార్, జర ఆగుండ్రి. చుక్కలు వెట్టాలె. చుక్కలే ఉన్నయి సార్!"

"చుక్కలేమిటయ్యా? ముగ్గేస్తున్నావా?"

గదిలో అందరూ నవ్వారు. ఆయన కాగితం లాగేసుకున్నాడు. ఆయన్ని మాత్రం ఏమనగలం? గంట కొట్టాక రాయనిస్తే తన ఉద్యోగం పోతుంది.

రైలెక్కేసరికి చంద్రప్ప కాస్త కుదుటపడ్డాడు. అక్షరాలన్నీ ఉన్నాయి. మాటలన్నీ సరైనవే. చుక్కలు లేని కాగితం చదవలేని వాడు కచేరీలో ఎక్కడైనా ఉన్నాడా? చదువుకున్న దొరలు, ఆ మాత్రం పోల్చుకోలేరా? ఇంటికొచ్చేసరికి ఆ ధైర్యం ముదిరి సంతోషమయింది.

"ఎట్లయింది కొడుకా?" అన్నాడు జంగప్ప.

"మస్తుగ రాసిన నాయినా. ఇగ ఫికర్ లేదు."

మర్నాడు జంగప్ప ఆ కబురు వాడకట్టంతా చాటింపు వేశాడు.

ఫలితాల్లో చంద్రప్ప పేరు లేదు. పొరపాటున పడలేదేమోనని మళ్ళీ చూశాడు. నర్సింహులు కూడా చూశాడు. పాపం, ఎగతాళి చేయలేదు వాడు. భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. చంద్రప్ప ఆ రోజే వికారాబాదు వెళ్ళి మత్తయ్య సారు అరుగు మీద కూలబడ్డాడు. సారు నమ్మలేకపోయాడు. నువ్వు తప్పడమేమిటి, ఏదో గోల్‌మాల్ జరిగిందన్నాడు. ఏం రాశావో అచ్చం అలాగే నా ముందు రాయమని కాగితం, కలం ఇచ్చాడు.

చంద్రప్ప రాశాడు. ఒక్క మాట పొల్లుపోకుండా రాశాడు. సారు పక్కన కూర్చుని చూస్తున్నాడు. కాగితం నిండింది. చంద్రప్ప కలం సిరాలో ముంచి మొదటి వరుసకు తిరిగి వస్తుంటే సారు గబుక్కున మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు. ఏం జేస్తున్నవ్?"

"చుక్కలు వెడుతున్న సారూ. అడ్డగీతలు గూడ. గవి వెట్టకముందే గంట కొట్టిండ్రు."

మత్తయ్య సారు ఆ కాగితాన్ని దగ్గరికి తీసుకున్నాడు. ఇంగ్లీషులో టీ అక్షరానికి అడ్డగీత లేకపోతే అది ఎల్ అయిపోతుంది. ఐ మీద చుక్క లేకపోతే అది పక్క అక్షరానికి కాలుగా మారిపోతుంది. వాక్యాల చివర చుక్కలు లేక అర్జీ అంతా ఒకటే తాడు. చూడటానికి ముత్యాల్లాంటి అక్షరాలు, చదవబోతే ఒక్క మాటా మాట కాదు. నర్సింహులు గెలుకుడు రాతలో టీ టీయే, ఐ ఐయే. సారు కాసేపు పెదవులు కదిపి చదవబోయి ఆగిపోయాడు. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నువ్వు రాస్తుంటె ఒక్క దినమన్న సూడకపోతి గదయ్యా," అన్నాడు. "రాతకు మార్కులు లేవని తప్పు జెప్పిన నీకు. సదివేటోనికి అందకుంటె ఎంత రాసి ఏం ఫాయిదా!" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

చంద్రప్పకు ఏడుపు రాలేదు. తన చేతి వంక చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ అన్నం పెట్టిన చెయ్యి. దాని మీద కోపం తెచ్చుకోవడం కూడా అతనికి చేతకాలేదు. అందుకే నాకు అతని మీద అంత జాలి.

ఇంకో అవకాశం ఇమ్మని అర్జీ పెట్టుకున్నాడు. నిబంధన లేదన్నారు. ఇద్దరు పిల్లలు, కళ్ళు లేని తండ్రి. ఉద్యోగం వదిలే దారి లేక జవానుగా దిగాడు. ఖాకీ కోటు, దాని మీద అడ్డంగా పటకా అనే బట్ట పట్టీ, పటకాకు జవానని తెలిపే ఇత్తడి బిల్ల. నిన్నటిదాకా కూర్చున్న కుర్చీ పక్కన నిలబడి, నర్సింహులు పిలిస్తే కాగితాలు మోసేవాడు. అన్నా, నువ్వు కూసో, నేనే తెచ్చుకుంట అని వాడు లేవబోతే, ఆ మర్యాద అతనికి తిట్టుకన్నా ఎక్కువ నొప్పి పుట్టించేది.

తండ్రికి మాత్రం చెప్పలేకపోయాడు. "ఇయ్యాల కాదు, రేపు చెప్త," అని రోజూ చంద్రవ్వతో అనేవాడు. ఆ రేపు రాలేదు. కోటూ బిల్లా కచేరీలోనే విప్పేసి మామూలు చొక్కాతో ఇంటికొచ్చేవాడు. చంద్రవ్వ ఇంటింటికీ తిరిగి, మా మామకు చెప్పకుండ్రి, మీ కాళ్ళు మొక్కుత అని బతిమాలింది. వాడకట్టంతా ఆ అబద్ధాన్ని కాపాడింది. జంగప్ప ఎవరినైనా ఆపి, మావోని కుర్సీ అని మొదలుపెడితే, అవును తాతా అని తలలూపి వెళ్ళిపోయేవారు. అలా రెండేళ్ళు గడిచాయి.

కచేరీలో విచారణలు జరిగేటప్పుడు సాక్షులను తలుపు దగ్గర నిలబడి పిలిచే పని ఇంకో జవాను భీమయ్యది. పేరు, వల్ద్ అని తండ్రి పేరు, ఆపైన హాజర్ అని కేక. వల్ద్ అంటే ఫలానా వాడి కొడుకని. మూడు పిలుపులకూ పలకకపోతే సాక్షి రాలేదని రాసేస్తారు, ఆ సాక్ష్యం పోయినట్టే. ఒకరోజు భీమయ్యకు జ్వరమొచ్చింది. చంద్రప్పను పిలవమన్నారు.

పొద్దున్నుంచీ ఎవరెవరినో పిలిచాడు. మధ్యాహ్నం మీద, దొర ముందు కాగితాలు పెట్టే పేష్కారు ఇంకో చీటీ చేతికిచ్చాడు. నర్సింహులు గెలుకుడు రాత. ఆ రాతను తప్పు చదవడానికి కూడా వీలు లేదు.

జంగప్ప వల్ద్ చెన్నప్ప.

చంద్రప్ప వరండాలోకి చూశాడు. దూరంగా, గోడకు ఆనుకుని, అప్పుడే వచ్చిన తండ్రి కూర్చుని ఉన్నాడు. తలకు ఉతికిన రుమాలు. పక్కన వాళ్ళ వీధి రాధమ్మ. ఆమెకున్న మెట్టచేను, ఆ చెలక గట్టు మీద తగాదా నడుస్తోంది. ఆ గట్టున హద్దురాళ్ళు పాతింది జంగప్పే. ఎక్కడ పాతాడో చెప్పగల మనిషి ఇంకొకడు బతికి లేడు. భీమయ్యే పిలుస్తాడని రాధమ్మ ధైర్యం. కచేరీలో కొడుకు ముందు సాక్ష్యం చెప్పి వాడిని సంతోషపెట్టాలని ముసలాయన ముచ్చట. అందుకే ఇద్దరూ ఇంట్లో చెప్పకుండా వచ్చారు.

మన వైపు కొడుకు తండ్రి పేరు నోటితో అనడు. ఎవరైనా అడిగితే మా నాయిన అంటాడు, తప్పనిసరైతే పక్కవాడి చేత చెప్పిస్తాడు. ఇక్కడ పిలవడానికి ఇంకో జవాను లేడు. పిలవకపోతే రాధమ్మ చెలక పోతుంది. చంద్రప్పకు పారిపోవాలనిపించింది. పేష్కారు ఏమయిందన్నట్టు చూశాడు.

చంద్రప్ప గొంతు మార్చి పిలిచాడు. "జంగప్ప వల్ద్ చెన్నప్ప, హాజర్!"

ముసలాయన తల చటుక్కున పైకి లేచింది. రాధమ్మ ముఖం పాలిపోయింది. లేవదీయబోతే అతను కదల్లేదు. చెవి ఇటు తిప్పి కూర్చున్నాడు.

రెండోసారి గొంతు మార్చడం చేతకాలేదు. అచ్చం తన గొంతే వచ్చింది. జంగప్ప రెండు అరచేతులూ నేలకు ఆనించాడు.

మూడో పిలుపు సగంలో జీరబోయింది.

"హాజరున్న సర్కార్," అన్నాడు జంగప్ప.

కొడుకును సర్కార్ అన్నాడు. ఎవరో ముక్కూమొహం తెలియని జవానుకు జవాబిచ్చినట్టు, నలుగురిలో వాడి పరువు దాచడానికి అన్నాడు. లేచి రాధమ్మ భుజం పట్టుకుని వచ్చాడు. తలుపు దగ్గర దారి తడుముకుంటుంటే అతని చెయ్యి చంద్రప్ప ఛాతీ మీద పడింది. పటకా తగిలింది. బిల్ల తగిలింది. జీవితమంతా రాయిని వేళ్ళతో పోల్చుకున్న మనిషి, ఆ బిల్లను ఒక్కసారి చుట్టూ తడిమాడు. మళ్ళీ తడమాల్సిన అవసరం లేకపోయింది.

"గడప యాడున్నదో ఏమో. జర చెయ్యి వట్టుండ్రి," అన్నాడు మెల్లగా.

చంద్రప్ప చెయ్యి పట్టి గడప దాటించాడు. ముసలాయన లోపలికొచ్చాక కూడా ఆ చెయ్యి వదల్లేదు. విచారణ చేస్తున్న తహసీల్దారు దొర రెండుసార్లు ముందుకు రమ్మన్నాడు. రాలేదు.

"ఏమయ్యా, జవాను చెయ్యి అలా పట్టుకున్నావేం? అతను నీకేమవుతాడు?"

గదిలో కలాల చప్పుడు ఆగింది. నర్సింహులు తల దించుకున్నాడు. కాదంటే సరిపోయేది. ఎవరూ కాడని అంటాడేమోనని చంద్రప్ప ఎదురుచూశాడు, అనాలనే కోరుకున్నాడు కూడా.

"నా కొడుకు సర్కార్," అన్నాడు జంగప్ప, చూపు లేని కళ్ళు దొర గొంతు వైపు తిప్పి. "వీని రాత సూసిండ్రా మీరు? ఒక్కపారి సూడుండ్రి సర్కార్. ముత్యాలసొంటి రాత."

చంద్రప్ప బిల్లను అరచేత్తో కప్పుకుని అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు.